ఆయిలు కలిపేరా అంటే ఆయ్ అన్నాను

చెట్లు కోసే రంపం మిషనుకి ఏ ఆయిలు మంచిదండీ అని కుర్ర మెకానిక్కులు నన్ను అడుగుతూంటారు. కలిపిన ఆయిలు మంచిది అంటాను. జోకు వేశాననుకుని నవ్వి, అసలు సంగతి చెప్పండి అంటారు. అదే అసలు సంగతి. ముప్ఫై ఏళ్ళకు పైగా ఇంజన్లు విప్పి బిగించినవాణ్ణి, ఒకే ఒక్కటి నా చేతిలో చచ్చింది. ఆ కథ చాలామందికి చెప్పాను గానీ చెప్పినప్పుడల్లా ఒకచోట కొంచెం మార్చాను. ఈసారి మార్చకుండా రాస్తున్నాను.

నేను పనిచేసింది రోడ్ల బాగోగులు చూసే ఒక ఆఫీసులో. ఏ ఆఫీసో చెప్పను, పెన్షను ఇంకా వస్తోంది. అమలాపురం పక్కనే మా షెడ్డు. ఒక జీపు, రెండు నీటి పంపులు, రెండు రంపం మిషన్లు, వీటన్నిటికీ మెకానిక్కుని నేను. గాలివానకి చెట్టు రోడ్డు మీద పడితే వెళ్ళి కోసి పక్కకి లాగాలి. కోనసీమలో గాలివాన అంటే చుట్టం లాంటిది, చెప్పకుండా వస్తుంది, వచ్చాక తొందరగా వెళ్ళదు. అందుచేత మాకు పని తక్కువేమీ ఉండేది కాదు.

కొత్తగా ఈ పనిలోకి వచ్చినవాళ్ళకి ఒక్క ముక్క చెప్పాలి. జీపు ఇంజనులో ఆయిలుకి వేరే చోటుంటుంది. రంపం మిషనుకి ఉండదు. పెట్రోల్లో కలిపి పోసిన టూ స్ట్రోకు ఆయిలే లోపలికి వెళ్ళి పిస్టను ఒరుసుకోకుండా చూడాలి. కలపడం మర్చిపోతే పిస్టనూ సిలిండరూ ఒకదాన్నొకటి పట్టుకుని మరి వదలవు. దాన్నే పట్టేసింది అంటాం. గొలుసుకి పోసే ఆయిలు వేరు, దాని ఊసు ఇక్కడ అక్కర్లేదు.

కొత్త మిషను షెడ్డుకి వచ్చినప్పుడు ఆయిలు ఎంపిక మీద జరిగినంత చర్చ మా ఆఫీసులో మరి దేనిమీదా జరగలేదు. మా స్టోరుకీపరు ముందు పడవ ఇంజన్లకి పోసే ఆయిలు పట్టుకొచ్చాడు. "ఇదీ టూ స్ట్రోకే, అదీ టూ స్ట్రోకే కదండీ" అన్నాడు. పడవ ఇంజను గోదారి నీళ్ళతో చల్లబడుతుంది, మనది గాలితో చల్లబడాలి, ఆ వేడికి ఈ ఆయిలు ఆగదు అని చెప్పాను. మర్నాడు జీపులోంచి తీసేసిన నల్లటి పాత ఆయిలు డబ్బాతో ప్రత్యక్షమయ్యాడు. "నూనె నూనే కదండీ" అన్నాడు. అంబాజీపేట నుంచి కొబ్బరి వ్యాపారి ఒకాయన, తన తోట రోడ్డు గురించి అర్జీ పట్టుకుని వచ్చినవాడు, అర్జీ పక్కన పెట్టి మరీ సలహా ఇచ్చాడు.

"మన కొబ్బరి నూనె పోసి చూడండి. మిషను ఎలాగూ కొబ్బరి చెట్లే కొయ్యాలి గదా, ఇంటి మనిషిలాగ మసులుకుంటాది."

చివరికి నేను మిషనుతో వచ్చిన పుస్తకం చూపించి పోట్లాడి, గాలితో చల్లబడే ఇంజన్లకి తగిన మంచిరకం ఆయిలు సీసాలు తెప్పించాను. యాభై పాళ్ళ పెట్రోలుకి ఒక పాలు ఆయిలు. అయిదు లీటర్లకి వంద మిల్లీలీటర్లు. ఆ లెక్క పెద్ద అక్షరాలతో రాసి గోడకి అంటించాను. దాన్ని చూసుకుని నేను పడ్డ మురిపెం అంతా ఇంతా కాదు.

ఆ లెక్కని లక్ష్యపెట్టని మనిషి మా షెడ్డులో ఒకే ఒక్కరు. మిషను పట్టుకుని కోసే ఆపరేటరు ఆయన. నాకంటే నాలుగైదేళ్ళు పెద్ద. అందరం బాబాయిగారు అనేవాళ్ళం. కుర్రతనంలో కొబ్బరి చెట్లెక్కి కాయలు దింపు తీసేవారు. మోకాళ్ళు అరిగాక పైకెక్కడం మానేసి, కింద నిలబడి కోసే పనిలోకి వచ్చారు. ఏ చెట్టు ఎటు పడుతుందో చెట్టుకంటే ముందు ఆయనకే తెలిసేది. మిషను చేతిలో ఉంటే ఆయనకి మోకాళ్ళ నొప్పులు గుర్తొచ్చేవి కావు.

"యాభైకి ఒకటేంటండీ మేస్త్రిగారూ, పసిబిడ్డకి ఆముదం నాకించినట్టు? మిషను ఏవనుకుంటాది మన గురించి?" అనేవారు.

ఆయన సొంత లెక్క వేరు. సీసా మూతతో కొలిచి పోసేవారు. "ఓ మూత పుస్తకానికి, ఓ మూత మిషనుకి, ఓ మూత నా తృప్తికి." ఆ తృప్తి వల్ల పాత మిషను మోగినప్పుడల్లా వీధి వీధంతా దోమలు పారిపోయేవి. పొగ గొట్టం నిండా మసి పట్టి, ప్లగ్గు నల్లబడి, తెమలలేక తెమలలేక పనిచేసేది. నేను దాని మీద పనికిరాదు అని చీటీ కట్టి, గోనెసంచి కప్పేశాను. కొత్త మిషనుకి మాత్రం ఒక ఒప్పందం చేసుకున్నాం. కలపడం నా పని, కొయ్యడం ఆయన పని. కలిపి ఎక్కువరోజులు ఉంచితే పెట్రోలు పాడవుతుంది కాబట్టి ఏ రోజుకారోజు పొద్దున్నే కలిపేవాణ్ణి. డబ్బా జీపెక్కించే ముందు ఆయన "కలిపేరాండీ?" అనేవారు. నేను "ఆయ్" అనేవాణ్ణి. ఆ మాట విన్నాక ఆయన డబ్బాలో వేలు పెట్టి చూసేవారు కాదు.

ఈ ఆయ్ గురించి పై జిల్లాలవాళ్ళకి చెప్పక తప్పదు. మా వైపు ఆయ్ అంటే అవునండి. వింటున్నానండి అన్నా అదే. మీరు చెప్పింది శుద్ధ తప్పు, అయినా పెద్దవారు కాబట్టి ఊరుకుంటున్నాను అన్నా అదే. ఇంక ఫోను పెట్టెయ్యండి అన్నా అదే. ఇంత మర్యాదగల మాట ఇంకో చోట లేదని మేం తెగ విర్రవీగుతాం గానీ, ఏ ఆయ్ ఎవరికి చెందిందో రాసిచ్చే ఆఫీసు మాత్రం ఎక్కడా లేదు.

నేను రిటైరవ్వడానికి ఏడాది ముందు సంగతి. పెద్ద తుపాను దాటింది. మమ్మల్ని రాజోలు పంపించారు. ఒక బడిలో మకాం. పొద్దున్నే వరండాలో డబ్బా పెట్టి అయిదు లీటర్ల పెట్రోలు పోశాను. జీపు సీటు కింద ఆయిలు సీసా కోసం చెయ్యి పెట్టబోతుంటే ఫోను మోగింది. మా ఇంజనీరుగారు. కుర్రవాడే గానీ తుపాను అంతా తన భుజాల మీదే ఆగినట్టు మాట్లాడేవాడు. ఏ రోడ్డు తర్వాత ఏ రోడ్డు, ఏ కాలవ గట్టు, ఎక్కడ ఎన్ని చెట్లు, ఒకటే చదువుతున్నాడు. నేను వరండాలో ఇటునుంచి అటు నడుస్తూ ఆయ్, ఆయ్ అంటున్నాను.

బాబాయిగారు వచ్చి డబ్బా మీద చెయ్యి వేసి, "కలిపేరాండీ?" అన్నారు.

సరిగ్గా అప్పుడే ఫోనులో ఇంజనీరుగారు "వింటున్నారా?" అన్నాడు.

"ఆయ్" అన్నాను.

అది ఇంజనీరుగారికి చెప్పిన ఆయ్. బాబాయిగారు తనకనుకుని, డబ్బా మూత బిగించి జీపెక్కించేశారు. ఫోను అయ్యేసరికి జీపు బయల్దేరడానికి మోగుతోంది. నేను గబగబా వెళ్ళి ఎక్కాను. ఆయిలు సీసా నేను కూర్చున్న సీటు కిందే ఉంది. నాకు గుర్తులేదు. ఇంకాసేపటికి ఫోన్ల సిగ్నలూ పోయింది.

ముందు రెండు కొబ్బరి చెట్లు కోశాం. మిషనులో ముందురోజు మిగిలిన పెట్రోలు ఉంది కాబట్టి ఏ గొడవా రాలేదు. తర్వాత అమలాపురం వచ్చే కాలవ గట్టు రోడ్డు మీద పెద్ద నిద్రగన్నేరు అడ్డంగా పడి కనిపించింది. మాను నా గుండెల ఎత్తుంది. కొమ్మలు ఒకవైపు కాలవలోకి, ఇంకోవైపు మునిగిన చేలోకి. కొమ్మల నిండా తెగిపడ్డ కరెంటు తీగలు. కరెంటు లేదని అందరికీ తెలుసు, ముట్టుకోవడానికి మాత్రం ఎవరూ ముందుకు రావడం లేదు. చెట్టుకి ఇవతల, మేము నిలబడ్డ వైపే, ఒక ఆటో ఆగి ఉంది.

ఆటోలో రిటైరైన లెక్కల మాస్టారు, ఆయన భార్య. మాస్టారి కాళ్ళు పొంగి చెప్పులు పట్టక, గుడ్డ కప్పి ఉన్నాయి. మాట మధ్యలో ఆగి ఊపిరి తీసుకుంటున్నారు. ఆవిడే దిగి నా దగ్గరకొచ్చారు.

"అన్నయ్యగారూ, ఈయన్ని వారానికి మూడుసార్లు అమలాపురం డయాలసిస్‌కి తీసుకెళ్ళాలండి. గాలివానకి మొన్నటి వంతు తప్పిపోయింది. ఇవాళ మధ్యాహ్నం లోపల రమ్మన్నారు, వాళ్ళ జనరేటరు అంతవరకే నడుస్తాదంట. ఎంతసేపు పడతాదండి?"

ఎత్తుకుని దాటిద్దామంటే అవతల ఎక్కించడానికి బండి లేదు, పిలుద్దామంటే ఫోను లేదు. "గంటలో దాటించేస్తామండి" అన్నాను. గోడ మీద అంటించిన లెక్కంత ధీమాగా అన్నాను.

బాబాయిగారు డబ్బా మూత తీసి మిషను నింపుతున్నారు. మాస్టారు ఆటోలోంచి తొంగి చూసి, "ఎంతకి ఎంత కలుపుతారేంటి?" అని అడిగారు. ప్రాణం మీదికొచ్చినా లెక్కల మాస్టారు లెక్కల మాస్టారే.

"యాభైకి ఒకటండి" అన్నాను.

"అంటే అయిదు లీటర్లకి వంద మిల్లీలీటర్లు. లెక్క కుదిరింది. ఇంక మిషను మొరాయిస్తే తప్పు లెక్కల మాస్టార్లది కాదు."

బాబాయిగారు తీగలు లేని చోటు చూసుకుని మానులో కోత మొదలుపెట్టారు. పొట్టు ఎగురుతోంది. పావుగంట బాగానే నడిచింది. ఉన్నట్టుండి మిషను గొంతు సన్నబడింది. మా పనిలో ఉన్నవాళ్ళకి ఆ గొంతు వింటే లోపల ఒరుసుకుంటోందని తెలిసిపోతుంది. నేను ఆపండి అని అరిచేలోపు కీచుమని ఆగిపోయింది. తాడు లాగితే రాలేదు. ఇద్దరం కలిసి లాగినా రాలేదు. పట్టేసింది. మిషను నాలుక, అదే గొలుసు తిరిగే పొడుగాటి బద్ద, మానులో సగందాకా దిగి అక్కడే ఇరుక్కుపోయింది.

ట్యాంకు మూత తీసి వేలు ముంచి, బొటనవేలితో రుద్దాను. ఆయిలు కలిపిన పెట్రోలైతే జిడ్డు మిగలాలి. ఇది ఆరిపోయింది. వేళ్ళు శుభ్రంగా ఉన్నాయి. నా ఉద్యోగంలో నా వేళ్ళు అంత శుభ్రంగా ఎప్పుడూ లేవు. నేను వాటిని చూస్తూ నిలబడిపోయాను. పొద్దున్న వరండా, ఫోను, ఆయ్, అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి.

బాబాయిగారు నా వేళ్ళకేసి చూశారు. జీపు దగ్గరకి వెళ్ళి సీటు కింద చెయ్యి పెట్టి సీసా తీశారు. మూత తిప్పారు. సీలు టిక్కుమని తెగింది. కొత్త సీసా. ఆ చిన్న చప్పుడు మా ఇద్దరికీ వినబడింది. ఆయన సీసా పట్టుకుని వచ్చి, "పాత మిషను దింపండి మేస్త్రిగారూ" అన్నారు.

నేను పనికిరాదని చీటీ కట్టిన మిషను అది. ఎందుకైనా పనికొస్తుందని ఆయనే నాకు చెప్పకుండా గోనెసంచితో సహా జీపులో వేసుకొచ్చారట. చీటీ తెంపేశాను. పొగ గొట్టం విప్పి స్క్రూడ్రైవరుతో మసి గీకాను. ప్లగ్గు తుడిచాను. తిరిగి బిగించబోతే మర తిన్నగా పడటం లేదు. ఆయన డబ్బాలో ఆయిలు పోస్తున్నారు. ఒక మూత, రెండు మూతలు, చాలాసేపు పోశారు. యాభైకి ఒకటి అనే మాట నా నోట రాలేదు.

నాలుగోసారి తాడు లాగితే పాత మిషను దగ్గి లేచింది. ఇంక చూడండి పొగ. చెట్టు కనబడదు, బాబాయిగారు కనబడరు, చప్పుడొక్కటే వస్తోంది. ఆటోలోంచి మాస్టారు దగ్గుతూ, "కిడ్నీలు ఎలాగూ పోయేయి, ఊపిరితిత్తులు కూడా వదిలించేస్తారేంటయ్యా" అన్నారు. ఆవిడ మాత్రం నవ్వలేదు. చేతి గడియారం చూసుకుంటూ నా పక్కనే నిలబడ్డారు. ఆవిడ గడియారం చూసిన ప్రతిసారీ నేను ఇంకోవైపు తిరిగాను. గంట అన్నవాణ్ణి, అప్పటికే రెండు గంటలు దాటింది.

మానుని మూడు ముక్కలు చేసి, జీపుకి తాడు కట్టి మధ్య ముక్క లాగేశాం. ఆటో పట్టేంత సందు వచ్చింది. వెళ్ళేముందు మాస్టారు బాబాయిగార్ని దగ్గరకి పిలిచి చెయ్యి పట్టుకున్నారు. "ఇవాళ రెండు మిషన్ల మీద బతుకుతున్నానండి. మొదటిది మీది." తర్వాత నాకేసి చూసి, "మీ లెక్క తప్పలేదు. కలపడమే తప్పింది" అన్నారు. ఆయన ఎలా గ్రహించారో నాకు తెలియదు. ముప్ఫై ఏళ్ళపాటు వెనక బెంచీవాళ్ళ మొహాలు చదివిన మనిషి. జనరేటరు ఆగకముందే వాళ్ళు ఆసుపత్రి చేరారని మర్నాడు ఆటో అబ్బాయి చెప్పాడు. ఆ కబురు విన్నాకే నాకు అన్నం దిగింది.

అసలు చెప్పాల్సింది ఇప్పుడు చెబుతాను. వారం తర్వాత ఇంజనీరుగారు షెడ్డుకి వచ్చి, కొత్త మిషను ఎందుకు చచ్చిందని అడిగాడు. నేనూ బాబాయిగారూ పక్కపక్కనే నిలబడ్డాం. బాబాయిగారు నాకేసి చూశారు. నేను చేతిలో ఉన్న ప్లగ్గుకేసి చూశాను. ఆ ప్లగ్గులో చూడాల్సింది ఏమీ లేదు. ఆయన ఇంకొంచెం సేపు చూశారు. నేను ప్లగ్గుని ఇంకొంచెం తిప్పాను.

"నేనే చూసుకోలేదండి. పొరపాటయిపోయింది" అన్నారు బాబాయిగారు.

ఆయన కాంట్రాక్టు మనిషి. నేను పర్మనెంటు. నిజం చెబితే నాకు ఒక మెమో వచ్చేది, ఏడాదిలో రిటైరయ్యేవాణ్ణి, ఆ మెమోతో నాకు పోయేదేమీ లేదు. ఆ సంగతి అప్పుడూ తెలుసు. అయినా నోరు తెరవలేదు. ఇన్నేళ్ళు గోడ మీద లెక్క అంటించి అందరికీ పాఠాలు చెప్పినవాణ్ణి, లెక్క నేనే మర్చిపోయానని చెప్పడానికి సిగ్గేసింది. అంతే, ఇంకే కారణమూ లేదు. ఆయన చేతిలోంచి మిషను తీసుకుని, షెడ్డు గేటు దగ్గర కుర్చీ వేసి కూర్చోబెట్టారు. వచ్చేపోయే బండ్ల నెంబర్లు రాసుకోమన్నారు. రోజూ పొద్దున్న నేను గేటు దాటేటప్పుడు ఆయన లేచి నమస్కారం పెట్టేవారు. మోకాళ్ళు పట్టుకుని మరీ లేచేవారు. కూర్చోండి బాబాయిగారూ అని విసుక్కునేవాణ్ణి. నా మీద నా విసుగు అది.

నా రిటైర్మెంటు సభలో శాలువా కప్పారు. నా చేతిలో ఒక్క ఇంజనూ పట్టెయ్యలేదని ఇంజనీరుగారు మైకులో చెప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు. వెనక వరసలో బాబాయిగారూ కొట్టారు. ఆ శాలువా ఇప్పటికీ బీరువాలో మడత విప్పకుండా ఉంది.

పోయిన ఏడాది ఆయన ఇంటికి వెళ్ళాను, అంబాజీపేట దాటి లోపలికి. ఉద్యోగం మానేసి, సొంతంగా చిన్న రంపం మిషను కొనుక్కుని, తోటల్లో ముసలి కొబ్బరి చెట్లు కోస్తున్నారు. అరుగు మీద కూర్చుని గొలుసు పళ్ళకి ఆకురాయి పెడుతున్నారు. నన్ను చూడగానే లేవబోయారు. భుజం పట్టుకుని కూర్చోబెట్టాను. కొబ్బరి బొండం కొట్టించి ఇచ్చారు. అది తాగితే ఇంక చెప్పలేనని, తాగకుండానే మొదలుపెట్టాను.

"బాబాయిగారూ, ఆరోజు ఆయిలు కలపనిది నేనండి. నేనన్న ఆయ్ ఫోనులో ఇంజనీరుగారికండి. మీరు నా కోసం మాట పడ్డారు. నేను నోరు మూసుకున్నాను. చాలా తప్పు చేశానండి."

ఆయన ఆకురాయి ఆపలేదు. ఆ పన్ను పూర్తిచేసి, గొలుసు ఒక పన్ను ముందుకి జరిపి, "ఆయ్" అన్నారు.

అది ఏ ఆయ్యో నాకు తెలియలేదు. తెలుసునండి అనా, వింటున్నానండి అనా, ఇంక ఆ సంగతి పెట్టెయ్యండి అనా? అడగడానికి ధైర్యం చాలలేదు. బొండం తాగేశాను.

ఆయన మూలనున్న డబ్బా చూపించి, "ఎలాగూ వచ్చేరు, కాస్త కలిపి పెట్టండి. మీ లెక్కేనండి, యాభైకి ఒకటి. ఇది నా సొంత మిషనాయె" అన్నారు.

అయిదు లీటర్ల డబ్బా. వంద మిల్లీలీటర్లు కొలిచి పోశాను. మూత పెట్టి ఊపాను. మరోసారి ఊపాను. ఆయన మిషను పట్టుకుని వచ్చి నా ముందు నిలబడ్డారు.

"కలిపేరాండీ?"

ఆయ్ అనబోయాను. నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

"కలిపేను బాబాయిగారూ. వంద మిల్లీలీటర్లు. నా చేత్తో."

ఆయన తల ఊపి, డబ్బా మూత తీసి, వేలు ముంచి, బొటనవేలితో నెమ్మదిగా రుద్ది చూసుకున్నారు. వేళ్ళు జిడ్డుగా మెరిశాయి. అప్పుడు "ఆయ్" అన్నారు.